మొలకలు లేని ప్లేటు

బౌద్ధ శకం 2566, ఆగస్టు పదిహేడు, గురువారం. ఆ మధ్యాహ్నం థాయ్‌లాండ్‌లోని కోరాత్ ఊళ్లో, ఆ రోజు ఆఫీసులో ఉన్నవాళ్లందరూ తిన్నది పద్ మీ. ఎర్రగా వేయించిన సన్నటి బియ్యపు నూడుల్స్, పక్కన గుప్పెడు పచ్చి పెసర మొలకలు, ఓ నిమ్మచెక్క. మొత్తం పదకొండు ప్లేట్లు వచ్చాయి. పదింటిలో మొలకలున్నాయి, ఒకదాంట్లో లేవు. ఆ లేని మొలకలే ఫాయ్ ఉద్యోగాన్ని నిలబెట్టాయని సంరాన్ ఇప్పటికీ అంటాడు. అనేటప్పుడు నవ్వడు.

అప్పటికి సంరాన్‌కి యాభై ఎనిమిదేళ్లు. జిల్లాలోని ఆసుపత్రులకీ, బియ్యం మిల్లులకీ, పట్టు దుకాణాలకీ ఇంటర్నెట్ లైన్లిచ్చే ఆ కంపెనీలో ఇరవై తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాడు. ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఆయన ‘లుంగ్’, అంటే పెదనాన్న. భార్య బున్‌మీ పోయి నాలుగేళ్లయింది. ఆమె పోయాక ఇంటికి వెళ్లే తొందర తగ్గి, సర్వర్ గదికి తాళం వేసే పని ఆయనే తీసుకున్నాడు. ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ వద్దనలేదు.

జూన్‌లో బాంకాక్ హెడ్డాఫీసు నుంచి కొత్త మేనేజరు దిగాడు. పేరు తీరవత్. కన్నవాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు గోల్ఫ్. ఆ ఆట కర్ర ఆయన ఎప్పుడైనా చేత్తో పట్టిన దాఖలా లేదు గానీ, ఆ పేరే అందరి నోటా ఉండేది. అక్కడ ఎవరి సంగతైనా అంతే. అసలు పేరు గుర్తింపు కార్డుకీ, కోర్టుకీ, శవపేటికకీ. మిగతా రోజులన్నిటికీ ముద్దుపేరే.

గోల్ఫ్ వచ్చిన మూడో రోజునే మీటింగు పెట్టాడు. వెంట ఇద్దరు కన్సల్టెంట్లు. ఆ ఉక్కలో కోట్లు వేసుకుని తెర మీద తొంభై నాలుగు బొమ్మలు చూపించారు. ప్రతి బొమ్మలోనూ ఒక తాళం, ఒక మేఘం, ఆ రెంటి మధ్యా ఒక బాణం. బాణం ఎటు పోతోందని సంరాన్ అడిగితే, అది రెండో దశలో తేలుతుందన్నారు.

విషయం మాత్రం చిన్నదే. రౌటర్ అయినా స్విచ్ అయినా ప్రతి యంత్రానికీ వెనక ఒక పెరటి గుమ్మం ఉంటుంది. ముందు గుమ్మం నెట్‌వర్క్. అది పడిపోతే లోపలికి పోవడానికి పెరటి గుమ్మమే దిక్కు. జిల్లాలో కంపెనీకి తొమ్మిది కేంద్రాలున్నాయి. ఒక్కో కేంద్రంలోని పెరటి గుమ్మాలన్నిటినీ తీగలతో ఒక పెట్టెలోకి చేర్చి, ఆ పెట్టెకి కోరాత్ నుంచి దారి ఇచ్చారు. వాటినే కాన్సోల్ సర్వర్లంటారు. అవి లేని రోజుల్లో వానలో బైకు మీద బువాయై కేంద్రం దాకా పోయి ఒక్క మీట నొక్కి వచ్చిన మనిషి సంరాన్. ఆ పెట్టెల విలువ ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే తొమ్మిది పెట్టెలకీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. పేరు అడ్మిన్. పాస్‌వర్డ్ కంపెనీ పేరు, దాని వెనక ఒకటి రెండు మూడు నాలుగు. గేటు ముందు కాల్చిన అరటిపళ్లమ్మే ఆమెకి కూడా అది తెలుసనేది ఫాయ్ వేసే జోకు. ఏ స్విచ్ ఎవరు ఆపారని అడిగితే అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

“ఇక నుంచి ఎవరి పేరుతో వాళ్లే లోపలికి పోవాలి,” అన్నాడు గోల్ఫ్. “ఎవరేం కొట్టారో ఒక్క అక్షరం పోకుండా లాగ్‌లో, అంటే చిట్టాలో, పడాలి. అన్ని పెట్టెల లాగూ ఒకే చోటికి రావాలి. దాని నకలు అప్పటికప్పుడు బాంకాక్ చేరాలి. ఎవరూ చెరపకూడదు. నేను కూడా! అర్థమైందా?”

మాట సబబే. పదేళ్లుగా సంరాన్ అడుగుతున్నదీ అదే. ఆయన అడిగినప్పుడు అది ఫైల్లో మడతపడిన కాగితం. గోల్ఫ్ అడిగితే ప్రాజెక్టు.

ప్రాజెక్టంటే పని కన్సల్టెంట్లది కాదు, వాళ్లది బొమ్మలు. పని సంరాన్‌ది. ఐదు వారాలు ఆయన, ఫాయ్ కలిసి కేంద్రం తర్వాత కేంద్రం తిరిగారు. ఫాయ్‌కి ముప్పై నాలుగేళ్లు. కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఏటా ఆగస్టు ముప్పై ఒకటికి కాంట్రాక్టు ముగుస్తుంది, ఏటా పొడిగిస్తారు. ఊళ్లో తల్లి, ఇద్దరు చెల్లెళ్లు ఆ పొడిగింపు మీదే బతుకుతారు. చేయి చిన్నది కావడంతో యంత్రాలు పేర్చిన రాక్ వెనక సందులో ఎవరికీ అందని తీగ ఆమెకి అందేది. తన సంచీలో సంరాన్ కోసం ఎప్పుడూ ఓ మంచినీళ్ల సీసా ఎక్కువ పెట్టుకునేది. అడిగితే “నాకు దాహమెక్కువ లుంగ్” అనేది.

పేర్ల దగ్గరే పేచీ వచ్చింది. అకౌంట్లన్నీ బాంకాక్ హెచ్చార్ వాళ్లు పంపిన జాబితా ప్రకారమే, అసలు పేర్లతోనే తెరవాలన్నాడు గోల్ఫ్.

“పక్కన ముద్దుపేరు కూడా రాసుకుంటే మంచిదండి,” అన్నాడు సంరాన్. “లాగ్‌లో పేరు కనబడగానే మనిషి తెలియాలి కదా.”

“ఇదేమన్నా పసిపిల్లల బడా లుంగ్? ఆఫీసు ఇది.”

పాస్‌వర్డ్‌లు కవర్లలో పెట్టి హాల్లో పంచిపెట్టారు. గోల్ఫే నిలబడి పేర్లు చదివాడు.

“కిత్తిసక్!”

ఎవరూ కదల్లేదు.

“కిత్తిసక్ ఎవరయ్యా? సెలవా?”

వెనక నుంచి ఎవరో అన్నారు, “ఒరే మూ, నువ్వే కదరా!”

మూ అంటే పంది. ఆ పిలుపుకి తగ్గ ఒళ్లున్న మనిషే లేచి, జేబులోంచి గుర్తింపు కార్డు తీసి చూసుకుని, “అవునవును, నేనేనండి,” అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. గోల్ఫ్ నవ్వలేదు. పెద్దవాళ్లు నవ్వకూడదని ఏ కోర్సులోనో నేర్పి ఉంటారు.

మనుషులు ముప్పై ఒక్కరు, కవర్లు ముప్పై నాలుగు. మూడు మిగిలాయి. ఒకటి రెండేళ్ల కిందట పోయిన డామ్‌ది. అతని దహనానికి అందరూ వెళ్లారు గానీ, అతని అసలు పేరు ఆ రోజు పటం కింద చదివిందే, మళ్లీ కవరు మీద చూసేదాకా ఎవరికీ గుర్తులేదు. ఇంకొకటి ఉద్యోగం మానేసి గుళ్లో సన్యాసం పుచ్చుకున్న ఒకాయనది. మూడోది సోమ్‌జిత్ వోంగ్‌ఖామ్ అనే పేరు మీద ఉంది. ఆ సోమ్‌జిత్ ఎవరో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఫాయ్ ఆ రోజు ఫిమాయ్ కేంద్రంలో బ్యాటరీలు మారుస్తోంది. నిచానన్ అన్న పేరు మీద ఉన్న ఆమె కవరు సంరానే తీసి ఉంచాడు.

“ఎవరివో తెలియని తాళంచేతులు ఉంచకూడదండి. ఈ మూడూ మూసేస్తాను,” అన్నాడు సంరాన్.

“హెడ్డాఫీసు జాబితాలో ఒక్క పేరు తగ్గినా ఊరుకోరు,” అని గోల్ఫ్ ఆ మూడు కవర్లూ తన బల్ల సొరుగులో పడేశాడు.

“మరి మీ కవరు? జాబితాలో మీ పేరు లేదు.”

“నాకెందుకు లుంగ్? సేనాపతి తుపాకీ మోస్తాడా?”

లాగ్ సర్వర్ నడవడం మొదలైన రోజు సన్యాసుల్ని పిలిచి మంత్రాలు చదివించారు. హాల్లోని బుద్ధుడి దగ్గర మొదలుపెట్టి, సర్వర్ గది గుమ్మం దాటించి, రాక్ చుట్టూ మూడు చుట్లు తెల్లదారం కట్టారు. సంవత్సరం తిరిగే దాకా దాన్ని తెంపడానికి వీల్లేదని గోల్ఫ్ హుకుం. దాంతో గది తలుపు విసురుగా వేయకుండా, దారం మీద మెల్లగా జార్చి వేసుకోవలసి వచ్చేది. కన్సల్టెంట్లు బొమ్మల్లో చెప్పిన రక్షణ కంటే ఈ దారమే కొంచెం నయమనిపించింది సంరాన్‌కి. కనీసం అది కళ్లకి కనబడుతుంది.

ఆగస్టు పదిహేడున హెడ్డాఫీసు నుంచి ముగ్గురు పెద్దలు ఆ వైభవం చూడటానికి వచ్చారు. గోల్ఫ్ వాళ్లని తన గదిలో కూర్చోబెట్టి తలుపేసుకున్నాడు. పదకొండు నలభైకి తూర్పు వైపు లైన్లన్నిటినీ మోసే చోక్‌చాయ్ కేంద్రంలోని పెద్ద స్విచ్ దానంతటదే ఆగి, మళ్లీ మొదలైంది. అది పూర్తిగా లేచి నిలబడటానికి ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఇరవై ఆరు నిమిషాలూ రెండు ఆసుపత్రుల్లో మందుల చీటీలు చేత్తో రాశారు. నలభై మిల్లుల్లో తూకాలు ఆగిపోయాయి. ఎవరి ప్రాణం మీదకీ రాలేదు, అదొక్కటే చల్లని మాట.

గోల్ఫ్ గదిలోంచి బయటికొచ్చాడు. మొహంలో కంగారు లేదు, పండగ ఉంది.

“చూశారా!” అన్నాడు పెద్దలతో. “వెనకటి రోజులైతే ఎవరు చేశారో ఏడాదైనా తేలేది కాదు. మా వ్యవస్థ రెండు నిమిషాల్లో చెబుతుంది. లుంగ్, తియ్యండి లాగ్. ఎవరు?”

సంరాన్ తీశాడు. తెర మీది పేరు ఒకటికి రెండు సార్లు చదువుకున్నాడు.

“సోమ్‌జిత్ వోంగ్‌ఖామ్.”

“ఎవరా సోమ్‌జిత్? ఉద్యోగంలోంచి తీసి పారెయ్యండి!”

ఎవరో తెలియని మనిషిని తీసెయ్యడానికి కూడా ముందు ఎవరో తెలియాలి కదా. హెచ్చార్‌కి ఫోన్ చేశారు. అరగంటకి జవాబొచ్చింది. ఆ సోమ్‌జిత్ ఏడేళ్ల కిందట కంపెనీలో చేరింది. చేరిన నాలుగు నెలలకే పేరు మార్చుకుంది. కొత్త పేరుకి కొత్త పత్రం తెరిచారు, పాతది మూయడం మరిచారు. కొత్త పేరు నిచానన్. ముద్దుపేరు ఫాయ్.

ఆ సమయానికి ఫాయ్ సర్వర్ గదిలో ఒంటరిగా తీగలు సర్దుతోంది. అదీ ఆమె గ్రహచారమే. పిలిచారు.

“రెండు పేర్లెందుకమ్మా నీకు?” అడిగాడు గోల్ఫ్.

“రెండు కాదండి, ఒకటే. పాతది వదిలేశాను. బైకు మీంచి పడి కాలు విరిగినప్పుడు, ఆదివారం పుట్టినదానికి పేరులో ‘స’ అక్షరం అచ్చిరాదని గుళ్లో స్వామి చెప్పాడు. మా అమ్మ మార్పించింది. తాలూకాఫీసు కాగితం కూడా ఉంది.”

“వదిలేసిన పేరుతో లోపలికెళ్లి స్విచ్ ఆపుతావా?”

“ఆ పేరుకి అకౌంట్ ఉందని కూడా నాకు తెలియదండి! ఆ కవరు నేను కళ్లతో చూడలేదు.”

“కవరు ఈ సొరుగులో ఉంది,” అని లాగి చూశాడు గోల్ఫ్. కవర్లు మూడున్నాయి, ఒకటి చింపి ఉంది. “చూశారా! సొరుగుకి తాళం లేదు. సంతకాలకని రోజుకి నాలుగు సార్లు ఈ గదిలోకి వస్తావు. పేరు నీదే, కవరూ నీదే. ఇంకెవరికి పని?”

ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో దొంగతనమేమీ సంరాన్‌కి కనబడలేదు. అదే ఆశ్చర్యం. ఎవరి మొహంలోనూ అంత అమాయకత్వం చూసి చాలా కాలమైంది.

“ఏ కంప్యూటర్ నుంచి వచ్చారో లాగ్‌లో ఉంటుందిగా,” అన్నాడు మూ.

ఉండదు. కన్సల్టెంట్ల పుణ్యమా అని అందరూ ఒకే గేటు గుండా పోవాలని పెట్టారు. ఎవరొచ్చినా లాగ్‌లో పడేది గేటు చిరునామాయే. బొమ్మల్లోని బాణం ఎటు పోయిందో సంరాన్‌కి అప్పుడు తెలిసింది.

తెర మీద మిగిలింది ఇంతే. సోమ్‌జిత్ లోపలికొచ్చింది. చోక్‌చాయ్ స్విచ్ తెరిచింది. రీస్టార్ట్ అని కొట్టింది. చెయ్యమంటారా అని స్విచ్ అడిగింది. మూడు నిమిషాల పాటు ఏమీ లేదు. ఆ తర్వాత రెండు వరసల పిచ్చి గుర్తులు, చివర ఎంటర్. ఆ పాత రకం స్విచ్‌కి ఎంటర్ పడితే చాలు, సరే అన్నట్టే.

కన్సల్టెంట్లకి ఫోన్ చేస్తే, ఆ రెండు వరసల్ని తమ పరికరంలో వేసి చూసి, గుర్తు తెలియని విదేశీ దాడి సంకేతమని తేల్చారు. సోమ్‌జిత్ తన పాస్‌వర్డ్ బయటివాళ్లకి ఇచ్చి ఉండాలన్నారు. ఈ మాట చెప్పడానికి ఒక నివేదిక, దానికో కొత్త బొమ్మ కూడా పంపుతామన్నారు.

“విన్నారుగా,” అన్నాడు గోల్ఫ్. “ఐదింటికల్లా ఉత్తరం పోతుంది. పొడిగింపు సంగతి మరిచిపో. కారణం కూడా రాస్తాను. ఇక ఏ కంపెనీ నిన్ను సర్వర్ గది గడప తొక్కనిస్తుందో చూద్దాం.”

ఫాయ్ ఏడవలేదు. చేతులు జోడించి బయటికొచ్చి, సంరాన్ పక్కన నిలబడి మెల్లగా అడిగింది. “లుంగ్, నువ్వు కూడా నమ్ముతున్నావా?”

“ముందు తిన్నావా?”

“లేదు.”

“పో, తిను. ఆకలి మీద ఎవరి మాటా నమ్మకూడదు, నా మాట కూడా.”

అప్పటికి భోజనం చల్లారిపోయింది. ఆఫీసు పనులు చూసుకునే పా లమై పెద్దమ్మ మిగిలిన ప్లేట్ల మీద మూతలు పెట్టి ఉంచింది. సంరాన్ కూడా ఓ ప్లేటు తెచ్చుకుని, లాగ్ కాగితం ముందు పరుచుకుని కూర్చున్నాడు. మొలకలకి తోకలున్నాయి. బున్‌మీ ఉన్నప్పుడు ప్రతి మొలక తోకనీ గోటితో గిల్లి తీసేది. తోక నోట్లో పీచులా అడ్డుపడుతుందని ఆయన పెళ్లైన కొత్తలో ఒక్కసారి అన్నాడు, ఆమె ముప్పై ఏళ్లు గిల్లింది. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పుడనిపిస్తుంది. తోకలతోనే తిన్నాడు.

కాగితం మీది గుర్తులు అంకెలూ అక్షరాలూ కలిసిన జంటలు. ఒక్కసారి చూసి వదిలేస్తే పిచ్చిగీతలే. రెండోసారి చూస్తే వాటిలో ఒక నడక ఉంది. అవే రెండు జంటలు మాటిమాటికీ వస్తున్నాయి, ప్రతిసారీ వాటి వెనక ఒక కొత్త జంట. పాటలో పల్లవి లాగ. సంరాన్ పెన్సిలు తీసి పల్లవి మీద గీత కొట్టాడు. మిగిలినవి వరసగా రాసుకున్నాడు. వాటిని చూస్తుంటే ఎక్కడో పరిచయమున్న మొహాలనిపించింది.

కుర్రతనంలో ఆయన చేసిన మొదటి ఉద్యోగం, థాయ్ అక్షరాలు రాని పిన్నుల ప్రింటర్లకి అక్షరాలు నేర్పడం. ఏ అక్షరానికి ఏ అంకె అన్న పట్టిక అప్పుడు గోడ మీద ఉండేది. ఏడాది తిరిగేసరికి గోడ అక్కర్లేకపోయింది. ఇప్పుడు ఈ జంటలకీ ఆ పట్టికకీ మధ్య సరిగ్గా ఒకటే ఎడం కనబడింది. ఎడం కలుపుకుంటూ పోతే మొదటి అక్షరం వచ్చింది, తర్వాత రెండోది. నాలుగో అక్షరం దగ్గర ఆయన పెన్సిలు ఆపి కళ్లజోడు తుడుచుకున్నాడు.

విదేశం లేదు, దాడీ లేదు. శుభ్రమైన థాయ్. కాగితం మీద తేలిన మాటలు ఇవి:

“పా లమై! పద్ మీ నాలుగు ప్లేట్లు మా గదికి. ఒకదాంట్లో మొలకలు వద్దు. పోయినసారిలా మరిచిపోతే ఊరుకోను.”

సంరాన్ వంటగది గుమ్మం దాకా వెళ్లాడు. పా లమై గిన్నెలు కడుగుతోంది.

“పెద్దమ్మా, పొద్దున భోజనం ఆర్డరు నీకు ఎలా వచ్చింది?”

“ఎలా రావడమేంటి? ఫోన్‌లో అరిచాడు మీ మేనేజరు, ‘ఇందాకే మెసేజ్ పెట్టా, చూడలేదా’ అని. నా ఫోన్‌లో మెసేజూ లేదు, మన్నూ లేదు. ఎవరికి పెట్టాడో ఏమో! మళ్లీ మొలకలు వద్దని ముమ్మారు చెప్పాడు. ఈ బిల్డింగులో మొలకలకి భయపడే మగాడు ఇంకెవరున్నారు?”

“టైమెంత?”

“పదకొండు నలభై రెండు. ఫోన్‌లో ఉందిగా, చూసుకో.”

నాలుగున్నరకి సంరాన్ గోల్ఫ్ గది తలుపు తట్టాడు. పెద్దలు ముగ్గురూ ఒకప్పుడు ఊరిని కాపాడిన వీరనారి అమ్మ మో విగ్రహానికి పూలు పెట్టడానికి ఊళ్లోకి వెళ్లారు. ఫాయ్ ఉత్తరం బల్ల మీద సంతకానికి సిద్ధంగా ఉంది. సంరాన్ కూర్చోలేదు. తన కాగితం దాని పక్కన పెట్టాడు.

“కన్సల్టెంట్లు చదవలేకపోయిన రెండు వరసలు చదివానండి. తిండి గురించే.”

గోల్ఫ్ చదివాడు. చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ.

“దేశంలో మొలకలు తినని వాళ్లు లక్షమంది ఉంటారు లుంగ్!”

“నేనింకా ఎవరి పేరూ ఎత్తలేదండి.”

బయట హాల్లో ఎవరో నవ్వారు. వాళ్ల నవ్వు వాళ్లదే గానీ, గోల్ఫ్ ఉలిక్కిపడ్డాడు. కుర్చీలో వెనక్కి వాలాడు.

“వాళ్లకి చూపిద్దామనుకున్నాను,” అన్నాడు. “ఇక్కడి నుంచి స్విచ్ రీస్టార్ట్ కూడా చెయ్యొచ్చు, కానీ అది ముందు అడుగుతుంది, మనం వద్దంటాం... అంతవరకే. నాకు అకౌంట్ లేదు కదా, చేతికొచ్చిన కవరు చింపాను. ఎవరి పేరో కూడా చూడలేదు. ఉన్నది ఉన్నట్టు కొట్టాను. ఈలోగా ఆ ముగ్గురు పెద్దల్లో ఉన్నావిడ ఆకలన్నారు. రెండు విండోలు పక్కపక్కనే ఉన్నాయి, పా లమైకి పెట్టే మెసేజ్ ఇందులో కొట్టినట్టున్నాను...”

“అవునండి.”

“చిరిగిన కవరు చూసినా, నేనే అని నాకు నిజంగా తట్టలేదు లుంగ్. ఒట్టు.”

“నమ్ముతున్నానండి,” అన్నాడు సంరాన్. నిజంగానే నమ్మాడు. అంత నమ్మదగిన తెలివితక్కువతనం ఆయన మరొకటి చూడలేదు. “సొంత పేరుతో వెళ్లిన మనిషైతే చేసేముందు ఒక్కసారి తన పేరు చూసుకుంటాడు. మీకు ఆ అవకాశం లేకపోయింది.”

గోల్ఫ్ గొంతు తగ్గించాడు. “ఆ రెండు వరసలు తీసెయ్యండి. మీరు తలుచుకుంటే అవుతుంది.”

“ఎక్కడి నుంచి తియ్యను? పదకొండు నలభైకే బాంకాక్ చేరింది. ఒక్క అక్షరం పోకూడదన్నారు, పోలేదు. ఎవరూ చెరపకూడదన్నారు, నేను కూడా అన్నారు. అలాగే కట్టాను. మీరు చెప్పినదాంట్లో ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పలేదండి.”

“బాంకాక్‌లో ఎవడు చదవగలడు దాన్ని?”

“ఎవరూ చదవలేరు. అప్పుడు నన్నే అడుగుతారు. అడిగితే చదువుతాను.” తర్వాత మెత్తగా అన్నాడు. “వాళ్లు అడిగే లోపల మీరే చెబితే అది పొరపాటు. ఆ ఉత్తరం పోయాక బయటపడితే దాని పేరు వేరే. పెద్దవాణ్ని కాబట్టి చెబుతున్నాను.”

గోల్ఫ్ ఫాయ్ ఉత్తరం తీసుకుని రెండుగా చింపాడు, మళ్లీ నాలుగుగా చింపాడు. ఆ చింపడంలో మాత్రం కొంచెం మనిషితనం కనిపించింది.

సాయంత్రం పెద్దలు తిరిగొచ్చాక వాళ్ల ముందు గోల్ఫ్ ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం కూడా ఒక విద్య. చెయ్యి తనదే అన్నాడు. ఆ తర్వాత, కొత్త వ్యవస్థ మేనేజరు తప్పుని కూడా ఆరు గంటల్లో పట్టుకోగలదని ఈ సంఘటన రుజువు చేసిందన్నాడు. పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకుని చప్పట్లు కొట్టారు. ఆరు గంటల్లో పట్టుకున్నది వ్యవస్థ కాదని, ఒక పెన్సిలని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. మిగతా ప్రాంతాల్లో కూడా ఇదే పెట్టాలని అక్కడికక్కడే తీర్మానించారు. కన్సల్టెంట్లకి రెండో దశ మంజూరైంది. ఫాయ్ కాంట్రాక్టు మీద సంతకం కూడా ఆ ఊపులోనే పడింది, ఈసారి ఒకటి కాదు, రెండేళ్లకి.

ఆరుంబావుకి ఫాయ్ సర్వర్ గదిలోకి వచ్చింది.

“అంతేనా లుంగ్? చప్పట్లు ఆయనకి, చెమట మనకి. క్షమించమని ఒక్క ముక్క అనలేదు!”

“రెండేళ్లన్నాడుగా.”

“నోటితో అంటే మొలకలు నోట్లో పడతాయనా?”

సంరాన్ నవ్వాడు. అప్పుడే తలుపు దగ్గర అలికిడైంది. గోల్ఫ్ నిలబడి ఉన్నాడు, చేతిలో మూడు కవర్లు, వాటి మీద తన గుర్తింపు కార్డు. ఫాయ్‌ని చూసి లోపలికి రాలేదు, వెనక్కీ పోలేదు.

“ఇవి మూసెయ్యండి,” అన్నాడు. “నా పేరు మీద ఒకటి తెరవండి లుంగ్. పక్కన...” ఆగాడు. “పక్కన ముద్దుపేర్లు కూడా రాయండి. అందరివీ.”

కార్డు అక్కడే పెట్టి, దారం కాలికి తగలకుండా చూసుకుని వెళ్లిపోయాడు. ఫాయ్ గుమ్మంకేసి చూసింది.

“ఇది క్షమాపణేనా?”

“ఆయన లెక్కలో అయ్యుంటుంది. పుచ్చుకో.”

డామ్ పేరు మూసేటప్పుడు సంరాన్ ఒక క్షణం చేతులు జోడించాడు. సన్యాసం పుచ్చుకున్నాయన పేరు మూశాడు. మూడోదాని దగ్గర కుర్చీ పక్కకి జరిపి, “ఇది నువ్వు మూసుకో,” అన్నాడు.

ఫాయ్ తన అకౌంట్‌తో లోపలికొచ్చి తెర మీది పాత పేరు చదివింది.

“స్వామి నిజమే చెప్పాడు లుంగ్. నేను దీన్ని వదిలేశాను గానీ ఇది నన్ను వదల్లేదు.”

ఎంటర్ నొక్కింది. నొక్కేముందు ఒకసారి పైన ఉన్న తన పేరు చూసుకోవడం సంరాన్ గమనించాడు. నిచానన్, పక్కన కొత్తగా రాసిన ఫాయ్. ఆమె సంచీలోంచి నీళ్ల సీసా తీసి ఆయన బల్ల మీద పెట్టి, “నాకు దాహం లేదు,” అని ఇంటికి బయల్దేరింది.

లాగ్‌లో చివరి వరస బాంకాక్ చేరిందని చూసుకుని సంరాన్ దీపం తీసేశాడు. రాక్ మీది చిన్న పచ్చ దీపాలు మిగిలాయి. సీసా చంకలో పెట్టుకుని, గడప మీది తెల్లదారాన్ని వేలితో కొంచెం పక్కకి జరిపి, అది నలగకుండా తలుపు మెల్లగా దగ్గరకి లాగాడు. తాళం తిప్పిన చప్పుడు ఆయనకే సరిగ్గా వినబడలేదు.